వదులు లేని సూటు

జూన్ నెలలో, అదీ బడులు తెరిచే వారంలో, కాకా బట్టల దుకాణం షట్టర్ దించి ఉండడం జహీరాబాద్‌లో ఎవరూ చూడలేదు. స్కూలు డ్రెస్సులు అమ్మేవాళ్లకి పంట చేతికొచ్చే కాలం అదే మరి. అందుకే ఆ పొద్దున నలుగురైదుగురు తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని షట్టర్ ముందు నిలబడి, "కాకా ఇంక తియ్యలేదేంది?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. సైకిల్ మీద పోతున్నవాణ్ణి ఆగాను. నాకు అప్పటికే తెలుసు. తెల్లవారుతుండగానే చిన్నమ్మ, అంటే కాకా భార్య, ఫోన్ చేసింది. నిద్రలోనే కాకా గుండె ఆగిపోయిందట. సైకిల్ స్టాండు వేసి ఆ మాట వాళ్లకి చెప్పాను. ఒకావిడ కొడుకు చొక్కా కాలర్ సర్దుతూ అక్కడే ఏడ్చేసింది.

ఆయన ఊరందరికీ కాకాయే, అంటే చిన్నాన్నే. నాకు వరస ఏమీ లేదు. నేను జూనియర్ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాణ్ణి, ఆయన బట్టల వ్యాపారి. వాళ్ల తాత బీదర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ కొట్టు పెట్టాడట. నుదుట మూడు గీతల విభూతి, మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. గిరాకీలతో తెలుగు, ఉర్దూ మాట్లాడేవాడు గానీ కొలతలు మాత్రం కన్నడంలో గొణుక్కునేవాడు. పిల్లాడిని అద్దం ముందు నిలబెట్టి, చొక్కా గుండీలన్నీ పెట్టి, కాలర్‌లోకి రెండు వేళ్లు దూర్చి అటూ ఇటూ తిప్పేవాడు. వేళ్లు హాయిగా తిరిగితేనే ఆ చొక్కా పాసయినట్టు.

"జర వదులుగనే తీస్కో బిడ్డా. పిల్లగాడు నీ కోసం ఆగుతడా? పెరుగుతడు."

తల్లి ఇంకా సందేహిస్తే ప్యాంటు తిరగేసి, కాలి మడతలో దాచిపెట్టి కుట్టిన గుడ్డ చూపించేవాడు. "ఇగో, ఇంత ఇడిచిన లోపల. వచ్చే ఏడు ఇప్పుకో, ఆ పై ఏడు మల్ల ఇప్పుకో." జహీరాబాద్‌లో, కోహీర్‌లో, రాయికోడ్ దాకా రెండు తరాల పిల్లలు మోచేతులు దాటిన చేతుల చొక్కాల్లో, పొట్ట మీద బెల్టుతో బిగించిన నిక్కర్లలో పెరిగారంటే అది కాకా చలవే. ఆ పాత గ్రూపు ఫోటోలు చూస్తే ఒక్క పిల్లాడికీ బట్ట సరిగ్గా ఉండదు. అందరూ అన్నల బట్టలు వేసుకొచ్చినట్టుంటారు.

నాకు ఆయనతో స్నేహం వెక్కిరింతతో మొదలైంది. పొద్దున్నే చిరాగ్‌పల్లి దాకా హైవే మీద సైకిల్ తొక్కి వస్తుంటే, దుకాణం ముందు నీళ్లు చల్లుతూ నా సైక్లింగ్ నిక్కరు చూసి పిలిచాడు. "సారూ, ఏమనుకోకున్రి గని, అది లోపలేసుకునేదా, బయటేసుకునేదా?" కోపమొచ్చింది. ఆ కోపంతోనే ఆగాను. ఆగినవాడికి చాయ్ తాగించి గానీ పంపలేదు. మాటల్లో షుగర్ సంగతి, మోకాళ్ల సంగతి చెప్పాడు. నడవలేకపోతున్నాడని డాక్టర్ ఈత కొట్టమన్నాడట. కోహీర్ దగ్గర బంధువుల అల్లం తోటలో పెద్ద బావి ఉంది. చిన్నప్పుడు వీపుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకుని ఈత నేర్చింది ఆ బావిలోనే. ఇప్పుడు మళ్లీ రోజూ అందులో దిగుతున్నాడు.

మా ముగ్గురిని కలిపి ఒక టీముగా చేసింది రాయికోడ్ హైస్కూలు పీఈటీ మేడం. ఆమె పరుగు మనిషి. ట్రయథ్లాన్ అని ఒక పోటీ ఉంటుందని, ముందు ఈత, తర్వాత సైకిల్, ఆఖరున పరుగు అని, ఒంటరిగా మూడూ చేయలేనివాళ్లు ముగ్గురు కలిసి పంచుకోవచ్చని స్కూలు డ్రెస్సులకు ఆర్డరు ఇవ్వడానికి వచ్చినప్పుడు కాకాకి చెప్పింది. ఈదినవాడి చీలమండకి ఒక పట్టీ కడతారు, టైము లెక్కపెట్టే బిళ్ల అందులో ఉంటుంది, అది విప్పి సైకిల్ వాడికిస్తేనే వాడు కదలాలి. పోటీ ఎక్కడో హిమాచల్ కొండల్లోని సరస్సు దగ్గర. నేను నవ్వాను. కాకా నవ్వలేదు.

"సారూ, స్పోర్ట్స్ డే వస్తే ఊర్లున్న పోరగాళ్లందరికి నేనే బనీన్లు అమ్ముత. ఎర్రటియి, పచ్చటియి. ఆళ్లు మెడల్స్ ఏస్కొని వచ్చి నాకే చూపెడ్తరు. నేను మాత్రం ఒక్కనాడన్న లైన్ల నిలవడలె. సచ్చేలోపల ఒక్కసారన్న నిలవడాలె."

ఆ మాట విన్నాక మేడం మా ముగ్గురి పేర్లూ పోటీకి రాసేసింది.

ఆ సరస్సు నీళ్లు మంచులాగ ఉంటాయి. వెట్‌సూట్ లేనిదే దిగనివ్వరు. ఒళ్లంతా కప్పే నల్లటి రబ్బరు తొడుగు అది. జహీరాబాద్‌లో అలాంటిది చూసినవాడు లేడు. ఫోన్‌లో ఆర్డరు పెట్టాలి. ఎత్తు, బరువు, ఛాతీ చూసి ఏ సైజు తీసుకోవాలో అందులోనే పట్టిక ఉంది. మేడం చదివి చెప్పబోయింది. కాకాకి అవమానం జరిగినట్టయింది.

"నాకు సైజు చెప్తవా మేడమ్మా? గీ ఊరికి సైజులు చెప్పిందే నేను."

ఏం చేసుంటాడో చెప్పనక్కర్లేదు. ఒక సైజు పైది తెప్పించాడు. అది వచ్చిన రోజు దుకాణం మూలన పరదా వెనక్కి పోయి, చిటికెలో తొడుక్కుని బయటికి వచ్చాడు. అద్దం ముందు నిలబడి మెడ దగ్గర రెండు వేళ్లు దూర్చాడు. వేళ్లు హాయిగా తిరిగాయి. "చూసిన్రా, ఎంత మంచిగున్నదో. ఊపిరి ఆడుతున్నది." తర్వాత దాన్ని తిరగేసి కుట్ల లోపల గుడ్డ వెతికాడు. లేదు. "ఇడిచేటందుకు గుడ్డనే లేదు సారూ. గిదేం కుట్టు?" అని ఆ తయారు చేసినవాళ్లని కాసేపు తిట్టుకున్నాడు. ఎట్లాగూ వదులే తెప్పించాను కదా, ఫికర్ లేదనుకున్నాడు.

ఆ ఏడాది పోటీ నాకు ఎలా గుర్తుందంటే, నేను హెల్మెట్ పెట్టుకుని, సైకిల్ పట్టుకుని, ఒడ్డున నిలబడే ఉన్నాను. మిగతా టీముల వాళ్లు ఒక్కొక్కరే వచ్చారు, పట్టీలు మారాయి, సైకిళ్లు వెళ్లిపోయాయి. నా పక్కన పరుగు బూట్లు వేసుకుని మేడం. ఆఖరుకు పడవ వచ్చింది. అందులో దుప్పటి కప్పుకుని కాకా. పెదాలు నల్లబడ్డాయి, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆ పళ్ల మధ్యనుంచే చెప్పాడు. "సారూ, సూటుల కుంట నిండింది." చేయి ముందుకు చాచిన ప్రతిసారీ మెడ సందులోంచి చల్లటి నీళ్లు లోపలికి పోయి, నడుము దగ్గర సంచిలా నిలిచాయట. మంచునీళ్ల మూట ఒంటికి కట్టుకుని ఈదినట్టయింది పాపం. సగం దూరంలో కాళ్లు కొంకర్లు పోతే పడవ వాళ్లు లాగేశారు. నాకు నిజంగా కోపం వచ్చింది. ఆయన మీద కూడా వచ్చింది. కానీ ఆ వణుకుతున్న మనిషి, "తప్పు సైజుది గాదు, నాది. వచ్చే ఏడు మల్ల వస్తం," అంటుంటే ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఇంట్లో మాత్రం ఆ వచ్చే ఏడు మాట ఎత్తగానే చిన్నమ్మ ఆయన్ని తలుపు దగ్గరే నిలబెట్టింది. చలికి నెల రోజులు దగ్గుతూ దవాఖాన చుట్టూ తిరిగినవాణ్ణి చూసింది ఆమె. నన్ను సాక్షిగా పెట్టుకుని మరీ చెప్పింది.

"ఇంకొక్కసారి. గంతే. గా తరువాత గట్టుకొచ్చినా సరే, రాకున్నా సరే, ఆ నల్ల తోలు నాకు ఇంట్ల కనపడొద్దు. సారూ, మీరు గూడ ఇన్నరు గద?"

విన్నానన్నాను. కాకా తల వంచుకుని, "సరే," అన్నాడు. ఆయన మాట ఇస్తే తప్పే మనిషి కాదు. ఆ క్షణం నుంచి ఆయనకి మిగిలింది ఒకే ఒక్క ఈత.

ఈసారి ఫోన్ నమ్ముకోలేదు. పుణెలో ఇలాంటి సూట్లు తొడిగి చూపించే దుకాణం ఉందని మేడం కనుక్కుంది. నేనూ ఆయనా బస్సెక్కాం. ఆ దుకాణం నడిపేది ముప్పై దాటని ఒక మరాఠీ అమ్మాయి. కాకా లోపలికి అడుగు పెట్టగానే మొదట కనపడిన సూటు అంచు బొటనవేలికి, చూపుడువేలికి మధ్య పెట్టి నలిపి చూశాడు. మందంగా ఉన్నది చేతికి తగిలేదాకా అలా నలుపుతూనే పోయాడు. మందమైన బట్టే మన్నుతుందని ఆయన లెక్క. అది తొడుక్కుని చేతులు పైకెత్తబోతే భుజాలు కదల్లేదు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటూ, అది అలల మీద పలక వేసుకుని ఆడేవాళ్లదని, ఈదేవాళ్ల సూటు భుజాల దగ్గర పల్చగా, తొడల దగ్గర మందంగా ఉంటుందని చెప్పింది. నీళ్లలో మీ కాళ్లు ఎలా ఉంటాయని అడిగింది.

కాకా నిజాయితీగా వాళ్ల బీదర్ వైపు మరాఠీలో చెప్పి, నాకు తెలుగులో మళ్లీ చెప్పాడు. "కాళ్లా? కిందికే గుంజుతయ్. బావిల తల పైకెత్తి ఈదుడు అలవాటాయె."

అయితే తొడల దగ్గర తేలిక రబ్బరు ఎక్కువున్నదే మీకు కావాలి, అది కాళ్లని పైకి లేపుతుంది, అంటూ ఒకటి తెచ్చింది. అది చూడగానే కాకా, "గిది మా మనవనికైతది," అన్నాడు. అయినా లోపలికి పోయాడు. రబ్బరు జారడానికి కాళ్లకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని, గోళ్లు తగలకుండా వేళ్ల కొనలతో చిన్న చిన్న ముడతలుగా పైకి జరుపుకుంటూ, నేనొక వైపు, ఆయనొక వైపు లాగాం. మధ్యలో రెండుసార్లు స్టూలు మీద కూర్చుని ఆయాసపడ్డాడు. వీపు జిప్పు పైకి లాగగానే ఆయన ముఖం రంగు మారింది.

"తియ్యున్రి. తియ్యున్రి సారూ. గొంతు పిసికినట్టున్నది."

ఆయన భయపడడం అదే మొదటిసారి చూశాను. ఆ అమ్మాయి తొందరపడలేదు. నడుము వెనక రబ్బరు పట్టి లాగి చూడమని నాకు హిందీలో చెప్పింది. చేతికి ఏమీ దొరకలేదు. చంకలో చూడమంది, సందు లేదు. అలవాటు కొద్దీ కాకా వేళ్లు మెడ దగ్గరికి పోయాయి. ఆమె మెల్లగా ఆ వేళ్లు తీసేసింది. లోపలికి కొంచెం నీళ్లు వస్తాయి, మీ ఒంటి వేడికి అవి వెచ్చబడి మిమ్మల్ని కాపాడతాయి, వదులుంటే ఆ వెచ్చటి నీళ్లు పోయి చల్లటివి వస్తుంటాయి అని చెప్పింది. నేలమీద ఊపిరాడనట్టు ఉన్నదే నీళ్లలో సరిపోతుందట.

"బిడ్డా, నేను గూడ దుకాణపోన్నే. గిరాకి బాగలేదంటే బాగలేనట్టె," అన్నాడు కాకా మరాఠీలో, కొంచెం గట్టిగా.

"మీరు అద్దం ముందు ఈదరు కదా బాబాజీ," అంది ఆ అమ్మాయి.

కాకా అద్దంలోకి చూశాడు. అంత సేపూ అద్దంలోనే చూసుకుంటున్నాడు మరి. తర్వాత చేతులు పైకెత్తాడు, తిప్పాడు, వంగాడు, ఊపిరి లోపలిదాకా పీల్చి వదిలాడు. మళ్లీ పీల్చాడు. "ఆడుతున్నది గని, జర బతిమిలాడుకోవాలె," అన్నాడు. అదే తీసుకున్నాం. దారంతా ఆ అమ్మాయి మాట తలుచుకుని తనలో తానే నవ్వుకున్నాడు. సోలాపూర్ దాటాక ఎప్పుడో, "మంచి దుకాణపుది," అన్నాడు. ఆయన నోట అంతకన్నా పెద్ద పొగడ్త నేను వినలేదు.

ఆ తర్వాత బావి దగ్గర రోజూ సంతే. అల్లం తవ్వడానికి వచ్చిన ఆడవాళ్లు గట్టు మీద చేరి, "ఏం ఏశమయ్యా ఇది? చేపకన్న పొలుసులుంటయ్," అని ఏడిపించేవాళ్లు. ఆయన పట్టించుకోలేదు. బావిలో గుండ్రంగా తిరిగి తిరిగి ఈదడం వల్ల ఎటు వదిలినా ఎడమ పక్కకే పోయేవాడు. మేడం గట్టు మీద నిలబడి ఒక ఎర్ర గుడ్డ ఊపుతూ, తలెత్తి దాన్ని చూసుకుంటూ రమ్మనేది. ఆ ఎడమ తిరుగుడు మాత్రం పూర్తిగా పోలేదు.

దుకాణంలోనూ ఒక ముప్పు వచ్చింది. ఒకరోజు నేనక్కడే ఉన్నాను. ఒక తల్లి కూతురికి గౌను చూస్తోంది. కాకా కాలర్‌లో వేళ్లు దూర్చి, తీసేసి, "గిది వద్దమ్మా. సరిగ్గ సరిపోయేది తీస్కో," అన్నాడు. ఆవిడ బిత్తరపోయింది. "ఏమైంది కాకా నీకు? పిల్ల పెరగదా?" కాకా తల గోక్కున్నాడు. "పెరుగుతది, పెరుగుతది," అని పెద్ద గౌనే కట్టించి ఇచ్చాడు. ఆవిడ పోయాక నావైపు చూసి, "నీళ్లల్లకు పోయేటోళ్లకు ఒక కొలత, బడికి పోయేటోళ్లకు ఒక కొలత సారూ," అన్నాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

పోటీ రోజు పొద్దున సూటు ఎక్కించడానికి ముగ్గురం కష్టపడ్డాం. జిప్పు లాగాక భుజం తడితే టెంకాయ మీద తట్టినట్టు గట్టిగా ఉంది. కాకా విభూతి పెట్టుకున్న నుదుటి మీదికి టోపీ లాక్కుని లైన్లో నిలబడ్డాడు. చుట్టూ మనవల వయసు వాళ్లు. ఈల మోగింది, ఆ నల్లటి గుంపులో కలిసిపోయాడు.

నేను మళ్లీ సైకిల్ పట్టుకుని అదే చోట. కాకా టోపీ పచ్చది. అది సగం దూరం వరకూ గుంపుతో ఉంది. తర్వాత మెల్లగా ఎడమకు పోవడం మొదలైంది. మేడం గొంతు చించుకుని, "కుడికి కాకా, కుడికి!" అని అరిచింది. అంత దూరం వినపడదని ఆమెకీ తెలుసు. పడవ ఒకటి ఆయన వైపు తిరిగింది. ఆ పచ్చ టోపీ నీళ్లలోంచి పైకి లేచింది, ఆగింది. కాకా చేయి ఎత్తి, వద్దు వద్దు అన్నట్టు పడవ వైపు ఊపాడు. టోపీ మళ్లీ కుడికి తిరిగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఈత గడువు ముగిసిందని గంట కొట్టడానికి ఒకతను లేచి నిలబడ్డాడు. అప్పుడు వచ్చాడు కాకా. మోకాళ్ల మీద, తర్వాత కాళ్ల మీద, తర్వాత తూలుతూ. గీత దాటి నా దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. ఆయన దాటాక గంట మోగింది. పట్టీ కోసం చీలమండ చూశాను. లేదు.

"పైకున్నది సారూ. పిక్క కాడ. లోపల."

పట్టీ ఎక్కడ జారిపోతుందోనని, దుకాణం తాళాలు బనీను లోపల దాచుకున్నట్టు, దాన్ని సూటు కింద పిక్క దాకా జరిపి దాచుకున్నాడట. మాకు చెప్పనేలేదు. సూటు కాలు పైకి మడవబోయాను. ఒక్క ఇంచీ కదల్లేదు. ఆయన వేళ్లు చలికి కొయ్యబారాయి. ఒంటికి అతుక్కునేదే కావాలని పుణె దాకా పోయి తెచ్చుకున్న సూటు అది. అచ్చం అలాగే అతుక్కుంది.

"చింపు."

"కాకా..."

"సైకిల్ సంచిల కత్తి లేదా? కొయ్యున్రి. మనం సూటు కోసం వచ్చినమా సారూ?"

పంక్చర్ సామాన్ల చిన్న కత్తి తీసి, అంచు పైకెత్తి, పిక్క దాకా చీల్చేశాను. పట్టీ విప్పి నా కాలికి కట్టుకున్నాను. ఆయన రెండు చేతులతో నా వీపు మీద ఒక తోపు తోశాడు. "పో సారూ. పో!"

అంత గట్టిగా నేనెప్పుడూ తొక్కలేదు. తిరిగి వచ్చి మేడంకి పట్టీ కట్టి పంపాక కాకా కోసం వెతికాను. ఎండ బాగా ఎక్కింది. అందరూ సూట్లు విప్పేసి తువ్వాళ్లు చుట్టుకుని టీలు తాగుతున్నారు. కాకా ఒక బండ మీద, జిప్పు కూడా దించకుండా, చీలిన కాలు ముందుకు చాపుకుని కూర్చున్నాడు. ముఖం ఎర్రగా కమిలింది. చెమట గడ్డం మీదుగా కారుతోంది.

"తియ్యరాదు కాకా? దెబ్బ తగుల్తది ఎండకు."

"తీస్తే అయిపోయినట్టె గద సారూ," అన్నాడు.

చిన్నమ్మకిచ్చిన మాట గుర్తొచ్చింది. పక్కన కూర్చున్నాను. మేడం పరుగు ముగించి వచ్చేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం. వస్తూనే ఆమె జహీరాబాద్‌కి ఫోన్ కలిపి, జరిగింది జరిగినట్టు, కాలు కోసిన సంగతితో సహా చెప్పేసి, స్పీకర్ పెట్టి ఆయన ముందు పట్టుకుంది.

అవతల నుంచి చిన్నమ్మ గొంతు వచ్చింది.

"గట్టుకొచ్చినవా?"

"వచ్చిన."

"నీ అంతల నువ్వే వచ్చినవా, ఎవరన్న గుంజుకొచ్చిన్రా?"

"నేనే వచ్చిన."

అవతల ముక్కు చీదిన చప్పుడైంది.

"ఆ సూటు ఆడ పారేసి రాకు. ఇంటికి తే. కాలు అతికిపిద్దం. మల్ల ఏడాదికి కావద్దా?"

కాకా ఫోన్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. తడి కళ్లతోనే లేచి నిలబడి, వీపు నా వైపు తిప్పాడు.

"అయితే జిప్పు గుంజున్రి సారూ, జల్ది. ఉడికి సస్తున్న."